కొయ్యపనికి బెజ్జపు యంత్రమును ఎంచుకొనుట

గొఱ్ఱు దిండులను ఇంటనే తయారుచేసికొను రైతులు, స్తంభముగల బెజ్జపు యంత్రమును కొనునపుడు మోటారు బలమునే చూచుచున్నారు. అది చాలదని మేము మనవి చేయుచున్నాము.

ముందుగా, విద్యుత్తు ఆపించి, బిట్టును త్రిప్పు కదురును కదిపి చూడవలెను. అది ఊగినచో బెజ్జము వెడల్పగును. గొఱ్ఱు పండ్లు వదులై విత్తనము సమమైన లోతున పడదు.

కదురునకును స్తంభమునకును నడుమ 6 అంగుళములున్నచో 12 అంగుళముల పలక నడుమను తొలువవచ్చును. కదురు 2 అంగుళములే దిగునదైనచో 3 అంగుళముల దిండును ఒక్కమాఱున తొలువఁజాలదు. వేగమును తగ్గించు వీలుండవలెను. పెద్ద బిట్టు అతివేగమున తిరిగిన కొయ్య మాడును.

కొయ్యను బల్లకు బిగింపక తొలువరాదు. ఉత్తరీయమును, చేతితొడుగులను తీసియే యంత్రమును నడపవలెను. ధర చౌకయని ఊగు కదురును కొనకుఁడు.