సిగ్నల్ ఫుల్లు... మరి కాల్ ఎందుకు పోదు?

నల్లచెరువు నుంచి కదిరి తేరుకు వెళ్లొచ్చిన వాళ్లను అడగండి. ఫాల్గుణంలో నరసింహస్వామి రథం కదిలే రోజు, ఆ జనంలో అవ్వ చెయ్యి జారిపోయిందనుకోండి. ఫోన్ తీస్తే గీతలన్నీ నిండుగానే ఉంటాయి. కాల్ మాత్రం పోదు. పోయినా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

తప్పు ఫోన్‌ది కాదు. టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో గీతలు చెబుతాయి, అంతే. మీకు చోటుందో లేదో చెప్పవు. టవర్ దగ్గరుండే స్పెక్ట్రమ్ కొంతే. 4జీలో దాన్ని ముక్కలు చేసి, సెకనులో వెయ్యో వంతుకోసారి అందరికీ పంచుతుంది. వోల్టీ కాల్‌కు వీడియోల కన్నా ముందు వరుసే. కానీ వేలమంది ఒకేసారి అడిగితే ఆ వరుసా నిండిపోతుంది. పైగా పక్క టవర్ల సిగ్నళ్ల గోల ఒకటి. అందుకే పెద్ద ఉత్సవాలకు కంపెనీలు బండి మీద తాత్కాలిక టవర్లు తెస్తుంటాయి.

ట్రాయ్ లెక్క ప్రకారం నూటికి 2 కాల్స్‌కు మించి తెగకూడదు. తెగిన కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు 3 కాల్స్ దాకా పరిహారం ఇవ్వాలని 2015లో చెప్పింది కూడా. 2016లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.  తేరు రోజు రెండు గంటల తిప్పలు ఆ 2 శాతం లెక్కలో కనపడకపోవచ్చు.

అందుకే లైవ్ వీడియో కాసేపు ఆపండి. కాల్ పోకపోతే ఎస్సెమ్మెస్ పెట్టండి, సందు దొరికితే చాలు వెళ్లిపోతుంది. అన్నిటికన్నా ముందు, తప్పిపోతే ఎక్కడ కలవాలో బస్సు దిగగానే అవ్వకు చెప్పండి. దానికి ఏ టవరూ అక్కర్లేదు!