కుజుని రాళ్లు - జీవానికి సాక్ష్యం

కుజదోషం పేరు చెప్పి పెళ్లి సంబంధాలు చెడగొట్టే పంచాంగాలు మన ఇళ్లలో ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఆ కుజుని మీదనే, జెజెరో అనే బిలంలో, 2021 ఫిబ్రవరి 18న దిగిన పెర్సెవరెన్స్ అనే ఆరు చక్రాల యంత్రం రాళ్లు తొలిచి భద్రపరుస్తూ వచ్చింది. ఒకటి విశ్వాసపు కుజుడు, రెండవది సాక్ష్యపు కుజుడు. మనకు కావలసింది రెండవవాడు.

జెజెరో వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. 350 కోట్ల సంవత్సరాలకు పూర్వం అందులోకి ఒక నది ప్రవహించింది, సరస్సు ఏర్పడింది, నది తెచ్చిన ఒండ్రు డెల్టాగా పేరుకున్నది. ఇప్పుడక్కడ బతికి ఉన్న ప్రాణి కోసం ఎవరూ వెతకడం లేదు. నీరున్న కాలంలో సూక్ష్మజీవులు పుట్టి ఉంటే వాటి జాడ ఆ బురదరాళ్లలో మిగిలిందా అన్నదే ప్రశ్న. భూమి మీద అంత పాత శిలలు చాలావరకు భూఫలకాల కదలికలో నలిగి కరిగిపోయాయి. కుజుని మీద ఆ కదలిక లేదు కనుక పాత పుటలు చెరగలేదు.

అనుకూల పరిస్థితులుంటే జడపదార్థం నుంచే రసాయన పరిణామం ద్వారా జీవం పుడుతుందని 1924లో ఒపారిన్, 1929లో హాల్డేన్ వేర్వేరుగా ప్రతిపాదించారు. (చివరి సంవత్సరాలు మన దేశంలో గడిపి 1964లో భువనేశ్వర్‌లో మరణించిన ఆ హాల్డేన్ తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చాడు. సిద్ధాంతాన్ని ఆచరణ దాకా తీసుకుపోయిన మనిషి.) ఆ ప్రతిపాదన భూమికే పరిమితమా, పదార్థానికి సాధారణ ధర్మమా అన్నది తేలాలంటే రెండవ ఉదాహరణ కావాలి. ఈ రాళ్ల విలువ అక్కడ ఉంది.

కుజుని విషయంలో తొందరపాటు కొత్త కాదు. 1877లో స్కియాపరెల్లీ చూశానన్న గీతలను లోవెల్ కాలువలుగా చేసి, వాటిని తవ్విన నాగరికతను కూడా ఊహించాడు. 1976లో వైకింగ్ నౌకలు చేసిన ఒక ప్రయోగం జీవం ఉన్నట్లు ఫలితమిస్తే, వాటిలోని మరో పరికరానికి జీవులకు కావలసిన కర్బన పదార్థమే ఆ మట్టిలో దొరకలేదు. 1996లో అంటార్కిటికాలో దొరికిన ఒక కుజ శిలలో సూక్ష్మజీవుల అవశేషాలున్నాయని ప్రకటించగానే సాక్షాత్తు అమెరికా అధ్యక్షుడు మాట్లాడాడు. అందులో చూపిన ప్రతి లక్షణానికీ జీవంతో పని లేని కారణం తరువాత చెప్పగలిగారు.

కుజశిలలు వాటంతటవే భూమి మీద పడుతుంటే అక్కడిదాకా పోవడమెందుకు? శాసనాలతో పరిచయమున్న పాఠకులకు దీని జవాబు సులభంగా అందుతుంది. గుడి గోడ నుంచి పెరికి ఎవరి పెరట్లోనో పడేసిన శాసనం అక్షరాలను చూపుతుంది గాని, ఏ ఊరి చెరువును గురించి చెబుతున్నదో చాలాసార్లు చూపదు. అంటార్కిటికా రాయి సుమారు 13 వేల సంవత్సరాలు మన మంచులో పడి ఉంది. కుజుని మీద ఏ చోటిదో తెలియదు. పైగా అది అగ్నిశిల. జీవపు జాడ నిలవగలిగేది మెత్తని ఒండ్రుశిలలో. పెర్సెవరెన్స్ తీసిన ప్రతి ముక్కకూ దాని పొర, పక్కనున్న రాళ్లు, తీసిన తేదీ నమోదై ఉన్నాయి.

ఆ ముక్క మన చాక్‌పీసంత ఉంటుంది. యంత్రపు చేయి బోలు బర్రతో తొలిచి, ముక్కను శుద్ధి చేసిన టైటానియం గొట్టంలోకి దించి మూత బిగిస్తుంది. మొత్తం గొట్టాలు 43. వాటిలో ఐదు సాక్షి గొట్టాలు: రాయి పెట్టకుండానే తెరిచి మూసేవి. భూమి నుంచి వెంటవచ్చిన మాలిన్యం ఏమిటో అవి చెబుతాయి. తన చేతి మురికిని ముందే లెక్క కట్టుకునే ఈ పద్ధతిని మన సాహిత్య విమర్శకులు కొందరు నేర్చుకుంటే బాగుండును. 2021 ఆగస్టులో తొలి ప్రయత్నంలో రాయి పొడి అయిపోయి గొట్టం ఖాళీగా వచ్చింది. సెప్టెంబరులో మొదటి ముక్క చేతికందింది.

2024 జూలైలో ఒక బురదరాయిలో చిరుతపులి మచ్చల వంటివి కనిపించాయి. ఆ మచ్చలలో వివియనైట్, గ్రీగైట్ అనే ఇనుప ఖనిజాల లక్షణాలున్నాయి. రాతిలో కర్బన పదార్థం కూడా ఉంది. భూమి మీద ఇటువంటి ఖనిజాలు బురదలో కుళ్లుతున్న పదార్థాన్ని తినే సూక్ష్మజీవుల వల్ల ఏర్పడుతుంటాయి. జీవం లేకుండానూ ఏర్పడవచ్చు. అయితే అందుకు సాధారణంగా కావలసిన అధిక వేడి ఆ రాయికి తగిలిన గుర్తులు కనబడలేదు. 2025 సెప్టెంబరులో పరిశోధకులు దీన్ని 'జీవపు జాడ కాగలది' అన్నారే తప్ప జాడ అనలేదు. పత్రికలు కొన్ని ఆ 'కాగలది'ని మింగేశాయి. తేల్చవలసినవి గంధకపు, ఇనుపు ఐసోటోపుల నిష్పత్తులు. జీవక్రియలో తేలిక ఐసోటోపులకు ప్రాధాన్యం ఉంటుంది. ఆ సూక్ష్మమైన తేడాను కొలిచే యంత్రాలు బండి మీద ఇమడవు, భూమి మీది ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

కాని రాళ్లను తెచ్చే నౌక లేదు. యూరప్ సంస్థతో కలిసి నాసా వేసిన పథకానికి 800 నుంచి 1100 కోట్ల డాలర్లవుతుందని 2023లో స్వతంత్ర సమీక్ష లెక్కగట్టింది. 2025లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేయాలని ప్రతిపాదించింది. 2026 జనవరి నాటి వ్యయ కేటాయింపుల్లోనూ దానికి చోటు దొరకలేదు. ఆకలి ఉండగా రాళ్లెందుకన్న ప్రశ్న న్యాయమైనదే, అడిగేవాడు ఆకలిగొన్నవాడైతే. ఇక్కడ అడిగింది ఏటా 80 వేల కోట్ల డాలర్లకు మించి సైన్యానికి ఖర్చుపెట్టే రాజ్యం. చైనా తన తియాన్‌వెన్-3 నౌకను 2028 ప్రాంతంలో పంపి, 2031 ప్రాంతంలో రాళ్లు తేవాలని ప్రణాళిక వేసుకున్నది. అది వేరేచోట దిగి తన రాళ్లు తానే తెచ్చుకుంటుంది. పెర్సెవరెన్స్ 2023 జనవరి నాటికి పది గొట్టాలను జెజెరో నేల మీద పరిచి పెట్టింది. మచ్చల రాతి ముక్క వాటిలో లేదు. అది బండి కడుపులోనే ఉండిపోయింది.