క్లాసు లీడరు నుంచి వార్డు ఇన్‌చార్జి దాకా

పదో తరగతి ఫలితాలు రాగానే మన తెలుగు బడుల్లో తల్లిదండ్రులు తరచుగా అడిగే కోర్సుల్లో నర్సింగ్ ఒకటి. ఫీజు ఎంత, ఉద్యోగం దొరుకుతుందా, ఇంగ్లిష్‌లో నెగ్గుకొస్తుందా అని అడుగుతారు. ‘మా అమ్మాయి రేపు ఒక వార్డును నడపగలదా?’ అని అడిగేవారు తక్కువ. నర్సంటే డాక్టరు చెప్పింది చేసే మనిషి అన్న అభిప్రాయం ఇంకా పోలేదు.

డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళ్తారు. రాత్రీ పగలూ రోగి దగ్గర ఉండేది నర్సులే. ఎవరికి ఏ మందు ఏ వేళకు ఇవ్వాలి, ఎవరి సెలైన్ అయిపోవచ్చింది, కొత్తగా చేరిన నర్సుకు ఏ పని అప్పగించవచ్చు, ఎవరి పరిస్థితి చూసి డాక్టరును వెంటనే పిలవాలి అన్నవి కనిపెట్టి చూసే వార్డు ఇన్‌చార్జి నిజంగా ఒక నాయకురాలు. అందుకే బీఎస్సీ నర్సింగ్‌లో నాయకత్వం, నిర్వహణ కూడా పాఠాలుగా ఉన్నాయి.

ఆ పాఠాల్లో సాధారణంగా ముందుగా చెప్పే మూడు పద్ధతులు ఆస్పత్రిలో పుట్టినవి కావు, బడి పిల్లల మధ్య పుట్టాయి. అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లిప్పిట్, వైట్ కలిసి పదేళ్ల ఈడు మగపిల్లలను చిన్న జట్లుగా చేసి చేతిపనులు అప్పగించారు. జట్లను నడపడానికి మూడు తీరుల పెద్దలను పెట్టి చూశారు. ఒక తీరు పెద్ద అన్నీ తానే నిర్ణయించి ఆజ్ఞాపిస్తాడు. రెండో తీరు పెద్ద పిల్లలతో చర్చించి పని పంచుతాడు. మూడో తీరు పెద్ద మీ ఇష్టమని వదిలేస్తాడు. 1939లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పెద్ద గదిలో ఉన్నంతసేపు ఆజ్ఞల జట్టు బాగానే పనిచేసింది. ఆయన బయటికి వెళ్లగానే పని బాగా పడిపోయింది. చర్చించి పని పంచుకున్న జట్టులో మాత్రం పెద్ద లేకపోయినా పని ఇంచుమించు అలాగే సాగింది.

ఇది చదివితే మనకు మన తరగతి గుర్తుకు రాక మానదు. టీచరు బయటికి వెళ్తే క్లాసు లీడరు చేసే పని ఏమిటి? మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. నాయకత్వం అంటే తప్పు పట్టడమేనని పిల్లలు అక్కడే నేర్చుకుంటున్నారు.

ఆస్పత్రిలో టీచరు బయటికి వెళ్లిన వేళ లాంటిదే నైట్ డ్యూటీ. నర్సింగ్ సూపరింటెండెంట్ ఉండరు, పెద్ద డాక్టర్లు ఇళ్లకు వెళ్లిపోతారు. పగలు భయంతో చేసిన పని రాత్రి జరగకపోతే నష్టపోయేది రోగి. ఫ్లారెన్స్ నైటింగేల్ ఈ సంగతి ముందే గ్రహించారు. 1859లో వెలువడిన నర్సింగ్ పుస్తకంలో ఆమె ఒక అధ్యాయమంతా దీనికే కేటాయించారు. మనం ఉన్నప్పుడు చేసే పని మనం లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయడమే నిర్వహణ అన్నది దాని సారాంశం. 1854లో 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధ ఆస్పత్రికి వెళ్లిన ఆమె క్రమశిక్షణ విషయంలో చాలా కఠినం. అయినా ఆమె అసలు బలం గద్దింపులో లేదు. సైనికుల్లో ఎక్కువమంది చనిపోయింది గాయాలతో కాదనీ, నివారించదగిన జబ్బులతోననీ లెక్కలు వేసి, బొమ్మలు గీసి ప్రభుత్వాన్ని ఒప్పించారు.

అలాగని ఆజ్ఞ ఎప్పుడూ చెడ్డది కాదు. రోగి గుండె ఆగినప్పుడు చర్చకు తావులేదు. ఒకరు స్పష్టంగా చెప్పాలి, విన్నవారు ఆ మాటను తిరిగి చెప్పి చేయాలి. నెల డ్యూటీలు వేసేటప్పుడైతే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం మేలు. చంటిబిడ్డ తల్లికి వరుసగా రాత్రి డ్యూటీలు పడకుండా చూడటం అక్కడే సాధ్యం. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నర్సుకు పని అప్పగించి పక్కకు తప్పుకోవచ్చు, కొత్త అమ్మాయికి పక్కనుండి చూపించాలి. మనిషినీ సందర్భాన్నీ బట్టి తీరు మార్చుకోగలగడమే నేర్పు.

అన్నిటికన్నా ముఖ్యం, కిందివారు నోరు విప్పగలగడం. మందు మోతాదు తేడాగా ఉందని చిన్న నర్సుకు అనుమానం వచ్చిందనుకోండి. ‘సిస్టర్, ఒకసారి చూడండి’ అని ఆమె అనగలిగితే ఒక ప్రాణం దక్కవచ్చు. అనే ధైర్యం ఆమెలో ఉండాలి, వినే ఓపిక ఇన్‌చార్జిలో ఉండాలి. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్లలకు, గౌరవం తగ్గకుండా సందేహం అడగడం కూడా మనమే నేర్పాలి.

మన పిల్లలకు ఒక అనుకూలత ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో వింటూ పెరుగుతారు. చిత్తూరు సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. 1946 నుంచి అక్కడ నర్సింగ్ డిగ్రీ చదువు ఉంది. నేటికీ అక్కడికి తెలుగు రోగులు వెళ్తుంటారు. అలాంటిచోట నొప్పి ఎక్కడో రోగి తన భాషలో చెప్పగా విని, తోటి నర్సులకు వారి భాషలో చెప్పగల అమ్మాయి విలువ వేరు.

బడిలో ఖర్చులేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లీడరును వారానికొకరిగా మార్చండి. పేర్లు రాసే పని మాన్పించి, ఒక పని పూర్తి చేయించే బాధ్యత ఇవ్వండి. పది నిమిషాలు బయటికి వెళ్లి వచ్చి, పని ఎంత సాగిందో చూడండి. నర్సులు డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పే నాలుగు సంగతులు పిల్లలతో చెప్పించండి: ఇప్పుడు ఏం జరుగుతోంది, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి. ముందు తెలుగులో, తర్వాత రాష్ట్ర భాషలో, ఆపై ఇంగ్లిష్‌లో. ఇంట్లో నానమ్మకు జ్వరం వస్తే ఉష్ణోగ్రత, మందు వేళలు రాసే పని పిల్లలకు అప్పగించి, డాక్టరుకు వాళ్లనే చెప్పనివ్వండి.

బీఎస్సీ నర్సింగ్‌కు పీయూసీ లేదా ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లిష్ ఉండాలి. పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి. సీటు మార్కులతో వస్తుంది. వార్డును నడిపే అలవాటు మాత్రం ఇప్పుడే, మన తరగతి గదిలోనే మొదలవ్వాలి.