తూటాకి కొవ్వు ఎందుకు?

ఎనిమిదో క్లాసు సోషల్‌లో 1857 తిరుగుబాటు పాఠం మనందరం చదివిందే. తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త వల్ల సిపాయిలు తిరగబడ్డారని రాస్తే మార్కులు పడిపోయేవి. కానీ అసలు తూటాకి కొవ్వుతో పనేంటి? ఈ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. ఈమధ్య పాత రైఫిళ్ల గురించి చదువుతుంటే జవాబు దొరికింది. గురి కోసం!

ఆ కాలం తుపాకుల్లో మందు, గుండు రెండూ గొట్టం మూతిలోంచే వేసి, కడ్డీతో లోపలికి దట్టించాలి. బ్రిటిష్ వాళ్ల పాత మస్కెట్ 'బ్రౌన్ బెస్' గొట్టం లోపల నున్నగా ఉండేది. వెడల్పు సుమారు 0.75 అంగుళం, గుండు సుమారు 0.69 అంగుళం. గుండు చిన్నదైతే లోడ్ చేయడం ఈజీ. కానీ పేల్చినప్పుడు, పెద్ద పైపులో వేసిన గోలీలా అది గోడలకు కొట్టుకుంటూ వస్తుంది. చివరిసారి ఏ గోడకి తగిలిందో దాన్నిబట్టి పక్కకి పోతుంది. 100 గజాలు దాటితే ఒక మనిషికి గురిపెట్టి కొట్టడం లక్కే.

దీనికి మందు బొంగరంలో ఉంది. తిరిగే బొంగరం పడిపోదు కదా, అలాగే గుండు తిరుగుతూ వెళ్తే దారి తప్పదు. అందుకే గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చెక్కారు. అదే రైఫిలింగ్. అయితే గుండు ఆ గాడుల్ని గట్టిగా పట్టుకుంటేనే తిరుగుతుంది. అంత టైట్‌గా ఉన్న గుండుని మూతిలోంచి దించడం నరకం. 18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియా వేటగాళ్లు దీనికి వాడిన ఉపాయం సింపుల్: కాస్త చిన్న గుండు తీసుకుని, కొవ్వు రాసిన గుడ్డముక్క చుట్టి దించడం. గుడ్డ గాడుల్ని పట్టుకుంటుంది, గుండుని తిప్పుతుంది.

తర్వాత 1840లలో ఫ్రాన్స్‌కి చెందిన మీనియే ఇంకో అడుగు వేశాడు. ఆయన సీసం బుల్లెట్‌కి అడుగున గుంట ఉంటుంది. లోపలికి వదులుగా దిగుతుంది, పేలగానే వాయువు ఒత్తిడికి అడుగు ఉబ్బి గాడుల్లో కూర్చుంటుంది. 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పనిచేసేది ఈ సూత్రం మీదే. 39 అంగుళాల బ్యారెల్‌లో బుల్లెట్ తిరిగేది సగం చుట్టే, కానీ సైటు మీద గుర్తులు మాత్రం 900 గజాల దాకా ఉండేవి!

ఒక్క బగ్ మిగిలింది. నల్ల తుపాకి మందు కాలాక సగానికి పైగా గట్టి మసిగా మిగులుతుంది. నాలుగు రౌండ్లు పేల్చేసరికి గొట్టం లోపల గార కట్టి, బుల్లెట్ దిగదు, గురి కూడా చెడుతుంది. కొవ్వు ఆ గారని మెత్తబరుస్తుంది. అదీ సంగతి.

ఇప్పటికీ ఈ పాతరకం రైఫిళ్లతో పోటీలు జరుగుతాయి. గురి కుదరాలంటే వాళ్లు పాటించే రూల్ ఒకటే: ప్రతి షాట్ ముందుదానిలాగే ఉండాలి. అదే కొలత మందు, అదే మందం గుడ్డ, కడ్డీతో అదే ఒత్తిడి, ప్రతి షాట్ తర్వాత తడిగుడ్డతో తుడవడం. ఏదైనా మార్చాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి, కొన్ని షాట్లు కొట్టి చూస్తారు. పేలాక కింద పడిన గుడ్డముక్కని ఏరి చదువుతారు కూడా. చిరిగిందా, కాలిందా అని. అది వాళ్ల లాగ్ ఫైల్.

మళ్లీ 1857కి వద్దాం. ఎన్‌ఫీల్డ్ తూటా ఒక కాగితపు గొట్టం. ఒక చివర మందు, రెండో చివర గ్రీజు పూసిన బుల్లెట్. మందు వైపు పళ్లతో కొరకాలి. గ్రీజు రెండో వైపే ఉన్నా, నోటి దాకా వెళ్లే వస్తువే కదా. ఆ కొవ్వు ఏ జంతువుదో సిపాయిలకు నమ్మకం కలిగేలా ఎవరూ చెప్పలేకపోయారు. పుకారు మొదలయ్యాక, గ్రీజు మీరే కలుపుకోండి అన్నారు, కొరకొద్దు చేత్తో చింపండి అన్నారు. అప్పటికే నమ్మకం పోయింది. తిరుగుబాటుకి ఇదొక్కటే కారణం కాదు, కానీ నిప్పురవ్వ ఇదే.

ఇది చదివాక నాకు మా హాస్టల్ మెస్ టోకెన్ యాప్ గుర్తొచ్చింది. ముగ్గురం కలిసి రెండు నెలలు కష్టపడి స్కానింగ్ స్పీడు పెంచాం. మొదటి రోజే కౌంటర్ దగ్గర అక్క ఫోన్ పక్కన పెట్టేసి, పాత నోట్‌బుక్ తీసింది. స్క్రీన్ మొత్తం ఇంగ్లీషు. "నాకు రాదు బాబూ" అంది. రెండు నెలల్లో ఒక్కసారైనా ఆమెని అడగలేదు మేం.

ఎన్‌ఫీల్డ్ ఇంజనీర్లు 900 గజాల దూరం చూశారు. తూటా కొరికే నోరు మాత్రం వాళ్లకి కనబడలేదు. మేం కూడా అంతే. ఇప్పుడు యాప్‌ని తెలుగులోకి మారుస్తున్నాం. ఈసారి మొదటి టెస్టర్ అక్కే.