ఇంటిలో గిటారు: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన కొన్ని సంగతులు

ఈ సంవత్సరము పాఠశాలకు వచ్చిన తల్లిదండ్రులలో కొందరు మమ్ము ఒకే ప్రశ్న అడిగిరి. "సార్, మావాడు గిటారు కావాలంటా ఉండాడు. సెల్లులో చూసి నేర్చుకొంటాడంట. కొనియ్యొచ్చునా?" అని. మరికొందరు అప్పటికే కొనియిచ్చినవారు. గిటారు వెంట తీగ, తీగ వెంట పెట్టె, పెట్టె వెంట మైకు అని పిల్లవాడు అడుగుచుండగా ఎక్కడ ఆపవలెనో తెలియక వారు మావద్దకు వచ్చిరి. మేము సంగీత విద్వాంసులము కాము. అయినను విద్యార్థులతో కూర్చుండి వారి పరికరములను చూచి, నేర్చినవారిని అడిగి తెలిసికొన్న సంగతులను మత్తూరు పరిసరముల తల్లిదండ్రులకు ఈ సంచిక మూలమున విన్నవించుచున్నాము.

పరాయి వాద్యమను శంక

గిటారు మన వాద్యము కాదు గదా యని పెద్దలు కొందరు సందేహింతురు. ఫిడేలు కూడ ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతమునకు అలవరచెను. బెంగుళూరులో 1893లో జన్మించిన మన ద్వారం వేంకటస్వామినాయుడుగారు దానిమీదనే ఖ్యాతి గడించిరి. హార్మోనియమును ఆకాశవాణివారు 1940లో నిషేధించి, 1971 వరకు దూరముగా ఉంచిరి. మన నాటకములును భజనలును దానిని విడువలేదు.

మాండొలిన్ శ్రీనివాస్‌గారి చరిత్ర ఇంకను దగ్గరిది. ఆయన 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారే తొలి గురువు. పిదప చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులగు రుద్రరాజు సుబ్బరాజుగారు నేర్పిరి. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట తెలియదు. వారు పాడుచుండగా విని, ఆ పాటను బాలుడు తీగెలపై పలికించెడివాడు. 1978లో గుడివాడలో తొలి కచేరి చేయునాటికి ఆయనకు తొమ్మిదేండ్లు. మాండొలినుకు మామూలుగా నాలుగు జతల తీగెలుండును. జత తీగెలపై గమకము నిలువదు. కావున ఆయన విద్యుత్ మాండొలినును స్వీకరించి, జతలను తీసి ఐదు ఒంటి తీగెలను అమర్చుకొనిరి. 1998లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో తమ నలువదియైదవ యేట గతించిరి. విద్యుత్ గిటారుపై కర్ణాటక సంగీతమును సుకుమార్ ప్రసాద్, తరువాత ప్రసన్న కచేరీలలో వినిపించిరి.

ఈ చరిత్రలో తల్లిదండ్రులు గమనింపదగినది ఒకటి కలదు. ఆ బాలునికి మొదట దొరికినది గురువు గొంతు. పరికరమును మార్చుకొనుట, చేతికి ఏమి కావలెనో తెలిసిన తరువాత జరిగినది.

వాద్యము

మామూలు గిటారుకు ఆరు తీగెలు. సరిగా శ్రుతి చేసినప్పుడు అన్నిటికంటె లావు తీగె సెకనుకు ఇంచుమించు 82 మారులు, సన్నని తీగె 330 మారులు కంపించును. మెడమీద లోహపు మెట్లుండును. ఒక్కొక్క మెట్టు ఒక స్వరస్థానము. పండ్రెండవ మెట్టు తీగె పొడవునకు సరిగా సగమున ఉండును. అక్కడ నొక్కిన పై షడ్జము పలుకును. వీణయందును స్థాయికి పండ్రెండు మెట్లే. అయితే వీణ మెట్లు ఎత్తైనవి, మైనముపై నిలిపినవి. తీగెను లాగి గమకము పలికించుటకు అనుకూలమైనవి. గిటారు మెట్లు పొట్టివి, కఱ్ఱలో దిగగొట్టినవి.

తీగె తనంతట తాను చేయు శబ్దము బహు స్వల్పము. దాని కదలికను వంతెన క్రింది పలుచని పలక అందుకొని గాలిని కదల్చును. అందువలన పలక మంచిదైన వాద్యము మంచిది. మెడమీది పట్టీకిని, వెనుక ప్రక్కలకును మన దక్షిణ దేశపు అడవులలో పెరుగు ఇరుగుడు కఱ్ఱను, అనగా రోజ్‌వుడ్డును, దేశదేశములవారు వాడుచున్నారు.

మొదట నేర్చు పిల్లలకు నైలాను తీగెల గిటారు మేలు. ఉక్కు తీగెలు వేళ్లను కోయును. చిన్న పిల్లలకు చిన్న పరిమాణపు గిటార్లు వేరుగా దొరకును. కొనునప్పుడు తీగెలు మెట్లకు మిక్కిలి ఎత్తుగా లేకుండ చూడవలెను. ఎత్తైన తీగెలను నొక్కలేక విడిచిపెట్టిన పిల్లలను "నీకు పట్టుదల లేదు" అని మేమే ఒకటి రెండు మారులు మందలించితిమి. తరువాత మేమే ఆ వాద్యమును నొక్కి చూడగా తప్పు వాద్యమునందున్నదని తెలిసినది. కఱ్ఱ వాద్యమును వేసవిలో రేకుల కప్పు క్రింద ఉంచరాదు. వేడికి మెడ వంగి, అతుకులు విడును.

విద్యుత్ గిటారు

ఇందులో మ్రోగుపలకకు పనిలేదు. తీగెల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు ఉండును. ఉక్కు తీగె కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము కదలి, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇది ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. మన పిల్లలు భౌతిక శాస్త్రములో చదువుచున్నదే. నైలాను తీగెపై ఈ అయస్కాంతము పనిచేయదు. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు పంపును.

రాగిచుట్ట తీగె కదలికతోపాటు ఇంటి కరెంటు పుట్టించు 50 ఆవృత్తుల రొదను కూడ అందుకొనును. జుమ్మని వినబడునది అదే. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపినచో రొద ఒకదానినొకటి చంపుకొని, తీగె ధ్వని మాత్రము మిగులును. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1950ల నడుమ దీనిని రూపొందించెను. దీనినే హంబకర్ అందురు.

ఎఫెక్టుల పెట్టెలు

పిల్లలు పెడల్ అని అడుగునవి గిటారుకును ఆంప్లిఫయరుకును నడుమ కాలితో నొక్కు చిన్న పెట్టెలు. వాటి పేర్లు అనేకమైనను పనులు కొన్నియే. కంప్రెసర్ పెద్ద ధ్వనిని తగ్గించి, చిన్న ధ్వనిని పెంచి సమము చేయును. డిస్టార్షన్ ధ్వని శిఖరములను కత్తిరించి గరుకుదనము తెచ్చును. కోరస్ ఒక్క వాద్యమును ఇద్దరు వాయించినట్లు వినిపించును. డిలే అనునది బావిలో కేకవేసినప్పటి ప్రతిధ్వనివలె, వాయించినదానిని కొంత యెడముతో మరల పలికించును. రివర్బ్ కోవెల మండపములో పాట నిలిచి కరగునట్టి భావమును కలిగించును.

వీటిని వరుసగా కలుపుటలో ఒక క్రమము కలదు. కంప్రెసర్, డిస్టార్షన్ ముందును, కోరస్ తరువాతను, డిలే, రివర్బ్ చివరను ఉండుట సామాన్య పద్ధతి. ప్రతిధ్వనిని గరుకు చేసినచో మాటలు కలిసిపోయిన సంతవలె నుండును. ఈ పెట్టెలలో పెక్కింటికి 9 వోల్టుల కరెంటు చాలును. అడాప్టరు కొనయందు ధన ఋణములు ఎట్లున్నవో పెట్టెపై బొమ్మవేసి యుండును. దానిని చూడక ఏదో అడాప్టరు గ్రుచ్చి పెట్టెను చెడగొట్టుకొన్నవారు కలరు.

తప్పు స్వరమును ఈ పెట్టెలలో ఏదియు దిద్దదు. కొన్నిటిలో తప్పు వినబడకుండ పోవును. నేర్చువానికి అది మరింత నష్టము. మొదటి సంవత్సరము ఇవి లేకుండుటయే మంచిది.

ఎర్తు తీగను గూర్చి

ఈ వ్యాసములో మిగిలినదంతయు మరచినను తల్లిదండ్రులు ఈ భాగమును మరువరాదని ప్రార్థించుచున్నాము. విద్యుత్ గిటారు తీగెలు ఆంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. అనగా పిల్లవాని చేయి ఎల్లప్పుడును ఆ ఎర్తును పట్టుకొనియే యున్నది. ఎర్తు సరిగానున్నచో అది క్షేమము. అది తెగి, ఆంప్లిఫయరులో దోషమున్నచో 230 వోల్టులు తీగెలకు రాగలవు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేడుకలో మేము వేదిక ప్రక్కనే యుంటిమి. గిటారు వాయించుచున్న బాలుడు మైకునకు పెదవి తగిలినంతనే వెనుకకు దుమికి, "సార్, జివ్వుమంటా ఉంది" అనెను. "ఏమియు కాదు, పాడుము" అని మేమంటిమి. ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల మాకు నేటికిని సిగ్గును భయమును కలుగుచున్నవి. తరువాత చూడగా, రొద తగ్గుటకని ఎవరో ఆంప్లిఫయరు ప్లగ్గునకు మూడవ పిన్నును తీసివేసి యుండిరి. స్కాట్లండు దేశపు గిటారు వాదకుడు లెస్లీ హార్వీ 1972 మే నెలలో వేల్సులోని స్వాన్సీ పట్టణమున వేదికపై, ఎర్తు లేని మైకును తాకి మరణించెను.

కావున మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా చేయరాదు. పాత యిండ్లలో ప్లగ్గునకు మూడు రంధ్రములున్నను లోపల ఎర్తు తీగ ఉండకపోవచ్చును. ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయింపవలెను. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోకుండ నీరు పోయవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి కరెంటును ఆపు స్విచ్చిని ఇంటికి పెట్టించుట ఒక పెడల్ కొనుటకంటె ముందు చేయవలసిన పని.

ఇంటిలో ధ్వనిముద్రణ

నేటి పిల్లలు తాము వాయించినదానిని వీడియో తీసి చూచుకొందురు. ఇది ఆటగా కనబడినను, నేర్చువానికి అద్దమువంటిది. వాయించునప్పుడు చెవికి దొరకని తప్పులు మరునాడు వినునప్పుడు దొరకును.

మొదట గదిని సరిచేయవలెను. కాంక్రీటు కప్పు, బోసి గోడలు గల గదిలో ధ్వని గోడనుండి గోడకు ఎగిరి గందరగోళమగును. బొంతలు, పరుపు, బట్టల దండెము, బియ్యపు బస్తాలు ఉన్న గది దీనికి శ్రేష్ఠము. బొంత లోపలి ప్రతిధ్వనిని పీల్చునేగాని, బయటి లారీల మ్రోతను ఆపలేదు. అందుకు తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయిన తరువాతనో ఎన్నుకొనవలెను. ఫ్యానును ఆపవలెను.

మైకును గిటారు రంధ్రమునకు ఎదురుగా పెట్టినచో ధ్వని బొంగురుపోవును. పండ్రెండవ మెట్టునకు ఎదురుగా జానెడు, జానెడున్నర దూరమున ఉంచుట మేలు. కండెన్సర్ జాతి మైకులకు 48 వోల్టుల శక్తి కావలెను. దానిని ఇంటర్‌ఫేస్ అను చిన్న పెట్టె ఇచ్చును. ఆ పెట్టె మైకు పంపు విద్యుత్తును సెకనుకు 48,000 మారులు కొలిచి అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించును. ఒక్కొక్క కొలతకు 24 బిట్లు చొప్పున, ఒక మైకునకు నిమిషమునకు ఇంచుమించు 8.6 మెగాబైట్లగును. ఎఱ్ఱదీపము వెలిగినచో ధ్వని హద్దు దాటినదని అర్థము. అట్లు చిట్లిన ధ్వనిని తరువాత బాగుచేయుట దుస్తరము. కొంత తగ్గించి ముద్రించుటయే క్షేమము.

హెడ్‌ఫోనులో ధ్వని మితముగా నుండవలెను. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదనియు, ప్రతి మూడు డెసిబెళ్లకు ఆ కాలము సగమగుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

చిత్రము

వీడియోకు ఇంటిలోని సెల్‌ఫోను చాలును. దానిని అడ్డముగా ఒక స్టాండుపై నిలుపవలెను. వెలుతురు కిటికీనుండి ప్రక్కగా పడవలెను. కిటికీ వెనుకనున్నచో ముఖము నల్లనగును. మన దేశపు కరెంటు దీపములలో కొన్ని సెకనుకు నూరు మారులు మినుకుమినుకుమనును. చిత్రములో చారలు కనబడినచో సెకనుకు 25 చిత్రముల వేగమును, యాభైయవ వంతు షట్టరును ఎన్నుకొనవలెను. తీగెలు పామువలె మెలికలు తిరిగినట్లు కనబడుట వాద్యపు దోషము కాదు. ఫోను చిత్రమును వరుస వరుసగా గ్రహించుటవలన కలుగు భ్రమ. ధ్వనిని వేరుగా ముద్రించినప్పుడు ఆరంభమున ఒక మారు చప్పట్లు కొట్టవలెను. చేతులు కలిసిన చిత్రమును, చప్పట్ల ధ్వనిని ఒకచోట చేర్చిన మిగిలినదంతయు సరిపోవును.

భద్రపరచుట

మా విద్యార్థి యొకడు తన అవ్వ పాడు దంపుళ్ల పాటలకు గిటారుపై శ్రుతి కలిపి, సెల్‌ఫోనులో తొమ్మిది పాటలు ముద్రించెను. పెడల్ లేదు, మంచి మైకు లేదు. ఒక పాట నడుమ కోడి కూసినది. మేము విని, ఈ పాటలను అందరికి వినిపింపవలెనని తలచితిమి. వేరొకచోట దాచుమని మాత్రము చెప్పలేదు. ఆ వేసవిలో అవ్వ గతించెను. వానకాలములో ఫోను నీటిలో పడెను. పాటలు మరల దొరకలేదు. ఆ అవ్వ పాడిన తెలుగు మన ప్రాంతపు తెలుగు. ఏ పుస్తకములోను లేనిది. ముద్రించినదానిని ఆ దినమే రెండవచోట కూడ దాచవలెనని నాటినుండి ప్రతి తరగతిలోను చెప్పుచున్నాము.

కొనవలసిన వరుస

కావున మొదటి సంవత్సరము ఒక నైలాను గిటారు, శ్రుతి చూచుకొనుటకు ఇంటి సెల్‌ఫోను, వీలైనచో వారమునకొకమారు గురువు. రెండవ సంవత్సరము పిల్లవాడు విడువక వాయించుచున్నచో ఒక మైకును, ఇంటర్‌ఫేసును. ఇంటి ఎర్తును పరీక్షించిన పిదప విద్యుత్ గిటారు. అన్నిటికి చివర ఎఫెక్టులు. అప్పుచేసి ఏదియు కొనవలదు.

ఇంటిలో పాడగల పెద్దలున్నచో, వచ్చు సెలవులలో ఒక సాయంకాలము పిల్లవానిని వారి ప్రక్కన కూర్చుండబెట్టి వారి పాటను ముద్రింపజేయుడు. రెండు ప్రతులు తీసి, ఒకటి పాఠశాలకు పంపినయెడల మేము భద్రపరతుము.