పాండురంగ తీరంలో సైకిలు ప్రయాణం

వియత్నాం అనగానే పచ్చని వరిచేలు, ఎడతెగని వానలు మన కళ్ల ముందు మెదులుతాయి. ఆ దేశపు దక్షిణ మధ్య తీరాన ఉన్న ఫాన్‌రాంగ్ పరిసరాలు మాత్రం అందుకు పూర్తిగా భిన్నమైనవి. వియత్నాంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతం ఇదే. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. నాగజెముడు పొదలు, గొర్రెల మందలు, ద్రాక్ష పందిళ్లు, ఉప్పుమడులు ఇక్కడి దృశ్యాలు. ఒకప్పుడు ఈ సీమ పేరు పాండురంగ. చామ్ జాతి ప్రజల చివరి రాజ్యమైన ఈ పాండురంగను 1832లో వియత్నాం చక్రవర్తి మిన్ మాంగ్ తన పాలనలో కలుపుకున్నాడు. ఫాన్‌రాంగ్ అనే నేటి పేరులో ఆ పాత పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది. చామ్ ప్రజలలో మన ధార్మిక సోదరులు ఉన్నారని తెలిసే మేము ఈ తీరాన్ని ఎంచుకున్నాము.

ఫజ్ర్ నమాజ్ ముగించుకుని, ఎండ ముదరకముందే అద్దె సైకిళ్లపై బయలుదేరాము. మా గమ్యం ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న విన్‌హీ అఖాతం. వియత్నాంలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మన అలవాటుకు ఇది విరుద్ధం కనుక ప్రతి మలుపు దగ్గరా జాగ్రత్త అవసరమైంది. చలికాలంలో ఇక్కడ ఈశాన్యపు గాలి బలంగా వీస్తుంది. అందువల్ల పోయేటప్పుడు మాకంతా ఎదురుగాలే. చదునైన దారిలో సైతం ఎత్తు ఎక్కుతున్నట్లే తొక్కవలసి వచ్చింది.

నిన్‌చూ సముద్రతీరం దాటిన తరువాత ఉప్పుమడులు మొదలయ్యాయి. చినగంజాం వైపు ఉప్పు సాగును చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. మడులలో సముద్రపు నీటిని నింపి, ఎండకూ గాలికీ ఆరనిచ్చి, అడుగున మిగిలిన ఉప్పును పారలతో కుప్పలు వేస్తున్నారు. వెదురు టోపీలు ధరించిన స్త్రీలు కావడి బుట్టలతో ఆ ఉప్పును గట్టుకు చేరుస్తున్నారు. ఆపైన వెల్లుల్లి మడులు, థాయ్‌ఆన్ గ్రామపు ద్రాక్షతోటలు, వాటికి ఒక ప్రక్క నూయ్‌చువా కొండలు, మరొక ప్రక్క నీలి సముద్రం. వాన కరవైన నేలలో ఇంతటి ఉపాధిని ఉంచిన సృష్టికర్తను స్తుతించకుండా ఎవరుండగలరు?

విన్‌హీ చేరేసరికి ఆకలి మండుతున్నది. ఇక్కడి వంటలలో పందికొవ్వు వాడకం సామాన్యం కనుక, అడిగి తెలుసుకున్న తరువాతనే తినాలి. పందిమాంసాన్ని ఇక్కడ ‘హేవ్’ అంటారు. ‘చాయ్’ అన్న బోర్డు కనిపిస్తే మన తేనీరు అనుకోరాదు, అది శాకాహారం. మేము ఆవిరిపై ఉడికించిన చేపతో అన్నం తిని, ప్రయాణీకులకు ఇస్లాం ఇచ్చిన సౌలభ్యం ప్రకారం జుహ్ర్ నమాజ్‌ను రెండు రకాతులుగా ఆచరించాము. ఇక్కడ ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. నెల్లూరు, మచిలీపట్నం తీరాలలో వలెనే సముద్రం మా వీపు వెనుక ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో అదే గాలి మాకు తోడైంది. అస్ర్ వేళకు ఫాన్‌రాంగ్ సమీపంలోని ఫూక్‌నోన్ గ్రామం చేరాము. ‘అస్సలాము అలైకుమ్’ అన్న ఒక్క మాటతో మస్జిద్ తలుపులూ, పెద్దల ముఖాలూ విప్పారాయి. భాష రాని చోట సలాం చేసే పని అంతా ఇంతా కాదు.

ఈ ఊరిలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. మొదటిది బనీలది. చామ్ ప్రజలలో 17వ శతాబ్దం నాటికి ఇస్లాం విస్తరించింది. అయితే ముస్లిం ప్రపంచంతో సంబంధాలు తెగిపోయిన తరువాత వారి ఆచరణ క్రమంగా మారిపోయింది. నేటికీ బనీలు పందిమాంసం ముట్టరు. చేతిరాత ప్రతులలో ఖుర్ఆన్ భాగాలను భద్రపరచుకున్నారు. రమజాన్‌ను ‘రమువాన్’ అంటారు. కానీ ఆ నెలంతా ప్రార్థనా మందిరంలో ఉండి ఉపవాసాలు, ఆరాధనలు జరిపేది ‘ఆచార్’ అనబడే మతపెద్దలే. గృహస్థుల తరఫున వారే ఆ బాధ్యతను నెరవేరుస్తారు. రెండవ సంప్రదాయం సున్నీలది. 1960ల దశకం నుండి సైగాన్, చౌడాక్ ప్రాంతాల చామ్ ముస్లింల సంపర్కంతో కొన్ని కుటుంబాలు ఐదు పూటల నమాజ్‌ను, రమజాన్ ఉపవాసాలను తమ ఇళ్లలోకి తిరిగి తెచ్చుకున్నాయి. ఒకే ఊరిలో, ఒకే బంధువర్గంలో ఈ ఇరువురూ కలిసి జీవిస్తున్నారు.

మాతో మాట్లాడిన పెద్దాయన బనీలను ఒక్క మాటైనా తూలనాడలేదు. “మా తాతలు ఆ కొద్దిపాటి దానినైనా పోగొట్టుకోకుండా ఉంచబట్టే మేము దారి వెతుక్కోగలిగాము బాబూ” అన్నారు. ఆయన మనుమడు ఆ మాటలను మాకు ఇంగ్లీషులో వివరించాడు.

ప్రతి మనిషీ తన కర్మలకు తానే జవాబుదారి అని ఇస్లాం బోధిస్తుంది. ఎదురుగాలిలో ఒకరి సైకిలును మరొకరు తొక్కిపెట్టలేరు. ఆరాధన కూడా అంతే. తరతరాల ఒంటరితనం బనీలను ఆ స్థితికి చేర్చింది. మస్జిద్‌లు, మద్రసాలు, తెలుగులో ఖుర్ఆన్ అనువాదాలు అందుబాటులో ఉన్న మన ఇళ్ల సంగతేమిటి? నమాజ్ ఇమామ్ గారి పని, ఖుర్ఆన్ పారాయణం మౌల్వీ గారి పని, దుఆ నానమ్మ పని అని పంచిపెట్టిన ఇంటికీ, ఆ ప్రార్థనా మందిరానికీ ఎంత దూరం? ఈ రాత్రి భోజనాల వేళ పిల్లలతో ఈ ప్రశ్నను చర్చించండి. మరుసటి ఫజ్ర్‌కు ఇంట్లోని ప్రతి ఒక్కరికీ ఒక జానిమాజ్ పరచండి.