బ్లాక్ అండ్ వైట్ ఫోటో ప్రింట్ తీస్తే ఆకుపచ్చగా ఎందుకొస్తోంది?

పోయిన నెల మా తాతయ్య సంవత్సరీకం. ఆయనది మా దగ్గరున్నది ఒక్కటే ఫోటో, పాత బ్లాక్ అండ్ వైట్ పాస్‌పోర్ట్ సైజుది. స్కాన్ చేసి, ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో గ్లాసీ పేపర్ మీద తీశాను. స్క్రీన్ మీద సూపర్‌గా ఉంది. అమ్మమ్మ చేతిలో పెడితే, "ముఖమేంట్రా, పాచి పట్టినట్టుంది?" అంది.

నిజమే, ఆకుపచ్చ ఛాయ కొడుతోంది. ఎందుకో చూద్దాం.

మామూలు ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్, ఈ నాలుగే ఉంటాయి. బూడిద రంగు ఇంకు ఉండదు. ఉత్త బ్లాక్ చుక్కలతోనే లేత బూడిద రంగు చూపిస్తే ముఖం ఇసక చల్లినట్టు గరుకుగా కనిపిస్తుంది. అందుకని డ్రైవర్ ఆ మూడు రంగుల్నీ కలిపి బూడిద రంగు తయారుచేస్తుంది. కలర్ ఫోటోలో కొంచెం తేడా ఉన్నా ఎవరికీ తెలీదు. బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. చాలా మోడల్స్‌లో రంగులు డై ఇంకు, బ్లాక్ మాత్రం పిగ్మెంట్ ఇంకు. ఆ బ్లాక్ మామూలు కాగితం మీద అక్షరాల కోసం పెట్టింది. గ్లాసీ పేపర్ దాన్ని సరిగ్గా పీల్చుకోదు. అందుకే మీరు ఫోటో పేపర్ అని సెలెక్ట్ చేయగానే డ్రైవర్ బ్లాక్ జోలికే పోకుండా నలుపుని కూడా మూడు రంగులతోనే కలిపేస్తుంది. నేను తెలివిగా 'ప్లెయిన్ పేపర్' పెట్టి బలవంతంగా బ్లాక్ వాడించాను. నలుపు వచ్చింది, బొటనవేలితో రుద్దితే తాతయ్య మీసం వేలికి వచ్చేసింది.

మరి ఏం చేశాను? ముందు నాజిల్ చెక్. ఒక్క రంగు గీతలు తెగినా బూడిద రంగు మొత్తం తేడా కొడుతుంది. మీడియా టైప్ దగ్గర మన పేపర్‌కి దగ్గరగా ఉన్న గ్లాసీ ఆప్షన్, క్వాలిటీ హై. గ్రేస్కేల్ టిక్ తీసేశాను, ఎందుకంటే అది ఉంటే చాలా డ్రైవర్లలో కలర్ బ్యాలెన్స్ మార్చనివ్వదు. తర్వాత ముఖం ఉన్న ముక్కని మాత్రం కత్తిరించి, ఒకే 4×6 షీట్ మీద నాలుగు సార్లు పెట్టాను, ఒక్కోదానికి మెజెంటా కాస్త కాస్త పెంచుతూ. ఆకుపచ్చకి విరుగుడు మెజెంటానే కదా. తడి ఆరకుండా రంగు తేల్చకండి. పగలు కిటికీ దగ్గర ఒకలా, రాత్రి ఎల్‌ఈడీ కింద ఒకలా కనిపిస్తుంది. ఫ్రేమ్ ఎక్కడ తగిలిస్తారో అక్కడే పెట్టి చూడండి.

అన్నీ కుదిరినా కొంచెం తేడా మిగిలితే, కావాలనే లేత గోధుమ రంగు ఛాయ ఇవ్వండి. పాత ఫోటోలా అందంగా ఉంటుంది, తప్పూ కనపడదు.

సైజు అత్యాశకి పోవద్దు. 35×45 మిల్లీమీటర్ల ఫోటోని 1200 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 1650×2100 పిక్సెల్స్ వస్తాయి. 5×7 ప్రింట్‌కి అది చక్కగా సరిపోతుంది. ఏ4 అడిగితే సాగదీసినట్టే.

పేపర్ దగ్గర పిసినారితనం వద్దు. వెనక వైపు మామూలు కాగితంలా ఉండే చవక గ్లాసీ, ఎక్కువ ఇంకు పడితే వంకర తిరుగుతుంది. రెజిన్ కోటెడ్ అని ఉన్నది తీసుకోండి, వెనక కూడా ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది.

గ్రే ఇంకు ఉన్న ప్రింటర్లూ ఉన్నాయి, కానన్ జీ570 లాంటివి. తరచూ ప్రింట్లు తీసేవాళ్లకి ఓకే. ఒక్క ఫోటో కోసమైతే కొనకండి బాబూ.

ఫ్రేమ్ కట్టించే ముందు కనీసం ఒక రోజు ఆరనివ్వండి. అద్దం ఫోటోకి ఆనకుండా చుట్టూ అట్ట మౌంట్ పెట్టించండి, లేకపోతే తేమకి అతుక్కుపోతుంది. డై ఇంకు గాలికీ ఎండకీ వెలిసిపోతుంది, కాబట్టి అద్దం తప్పనిసరి, ఎండ పడే గోడ వద్దు. ఫైల్ రెండు చోట్ల సేవ్ చేసుకోండి.

అయిదో ప్రింట్ చూసి అమ్మమ్మ, "ఇప్పుడు మనిషిలా ఉన్నారు" అంది. కొంచెం ఆగి, "మీ పిన్నులకి ఇంకో మూడు తియ్యరా" అంది. మెజెంటా బాటిల్ ఆర్డర్ పెట్టాను.